చిన్న ఫైలుకు సభ వద్దు సరే, జాబితా మాత్రం సరఫరాదారు పేరు మీద ఉండాలి

సంపాదకుడు గారికి,

చిన్న కొనుగోళ్లను మంజూరు చేసే అధికారం కౌన్సిల్ నుంచి నగర పాలనాధికారికి ఇవ్వడం మీద మీ పేజీలో వచ్చిన రెండు ఉత్తరాలు చదివాను. పనులు చకచకా సాగుతాయని ఒకరు, దొంగ చేతికి తాళాలివ్వడమేనని ఇంకొకరు రాశారు. 24 ఏళ్లు పురపాలక కార్యాలయంలో కొనుగోళ్ల సెక్షన్‌లో గుమస్తాగిరీ చేసినవాణ్ణి. ఇద్దరు చెప్పిందీ నిజమే. రెండూ నా బల్ల మీదే జరిగాయి.

ఒకసారి నీళ్ల పంపులో బేరింగ్ పోయింది. కొత్తది తెచ్చిస్తే పూటలో బిగిస్తానన్నాడు మెకానిక్. మూడు కొటేషన్లు తెప్పించాం, రేట్ల పట్టిక వేశాం, పద్దులో డబ్బుందని అకౌంట్స్ వాళ్ల చేత రాయించాం. ఇక తీర్మానమే తరువాయి. ఆ నెల ఎజెండా అప్పటికే పంచేశారు. మరుసటి నెల కోరం లేక సభ వాయిదా పడింది. ఆపై నెల మాది 38వ అంశం. 9వ అంశం దగ్గరే గొడవై అందరూ లేచిపోయారు. ఈలోగా కొటేషన్ గడువు తీరిపోయింది. తక్కువ రేటు వేసినాయన ఇక ఆ రేటుకు కుదరదన్నాడు. మళ్లీ కొటేషన్లు, మళ్లీ పట్టిక. అన్నాళ్లూ ఆ వాడకు ట్యాంకర్లే దిక్కు. ట్యాంకర్ల బిల్లులేమో అత్యవసరం కింద పాసైపోతాయి, వాటికి సభ అక్కర్లేదు! తీరా కూడి చూస్తే ఆ డబ్బుతో బేరింగేం ఖర్మ, కొత్త పంపే వచ్చేది. ఇందులో ఎవరూ పైసా తినలేదు. ఆడిట్ అభ్యంతరం కూడా రాలేదు.

పోనీ సభకు వెళ్లిన ఫైలును ఎవరైనా విప్పి చూస్తారా అంటే, ‘20 నుంచి 45 వరకు అంశాలు ఆమోదించడమైనది’ అని ఒక్క ఊపిరిలో చదివేస్తారు. అది రాసుకున్న చేతుల్లో నాదీ ఒకటి.

జీతగాడి చేతికి రోజువారీ పని అప్పగిస్తే ప్రజాప్రతినిధుల పరువేం కావాలని ఒక ఉత్తరంలో అడిగారు. అమెరికాలో స్టాంటన్ పట్టణం 1908లోనే జీతమిచ్చి మేనేజర్‌ను పెట్టుకుంది. 1913 వరదలో మునిగిన డేటన్ నగరం 1914లో ఆ పద్ధతికి మారింది. విధానాలు, బడ్జెట్ సభవి. బేరింగులు మేనేజర్‌వి.

అయితే అధికారి ఇంత మొత్తం వరకే మంజూరు చేయాలని పరిమితి పెట్టిన మర్నాటి నుంచే, దానికి కాస్త కిందుగా ఫైళ్లు పుట్టడం మొదలవుతుంది. అధికారి స్థాయిలోనే తేలిపోయే కొనుగోళ్లు మా దగ్గరా కొన్ని ఉండేవి. వీధి దీపాల సామానుకు ఒక్క ఇండెంట్, అంటే ఫలానా సామాను కావాలని రాసే కాగితం, రావాల్సింది, ఒకసారి నాలుగొచ్చాయి. తేదీ ఒకటే, వార్డులే వేరు. కొటేషన్లు మూడు దుకాణాల లెటర్‌హెడ్ల మీద ఉన్నాయి గానీ, మూడింట్లోనూ ‘బిగింపు’ అన్న మాట ‘బిగంపు’ అనే పడింది. ఆ సంగతి నోట్‌లో పెట్టబోయాను. ‘అక్షర దోషాలు నీకెందుకయ్యా, తక్కువ రేటెవరిదో రాయి చాలు’ అన్నాడు మా పైఆయన. రాశాను. ఆ నాలుగు ఫైళ్ల మీదా నా పొట్టి సంతకం ఉంది.

ఇలా ముక్కలు చేయకూడదన్న రూల్ లేక కాదు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్ట కమిషన్ 2011లో ఇచ్చిన కొనుగోళ్ల నమూనా చట్టంలోనూ, పోటీని తగ్గించడానికి కొనుగోలును విడగొట్టరాదని 12వ అధికరణం చెబుతుంది. కానీ పట్టుకునేదెలా? అధికారి మంజూరు చేసినవాటి జాబితా నెలనెలా సభకు వస్తుంది కదా అంటారు. అది ఫైలు నంబర్ల వరసలో వస్తుంది. 112, 131, 140, 163. మధ్యలో ఫినాయిలూ, చీపుళ్లూ, కాగితాలూ. ఆ నాలుగూ ఒకే దుకాణానివని ఎవడు కనిపెడతాడు?

అందుకే అధికారం ఇవ్వండి గానీ, జాబితాను సరఫరాదారు పేర్ల వరసలో వేయించండి. ప్రతి పేరు పక్కన గత 12 నెలల్లో ఆ పేరు మీద వెళ్లిన మొత్తం ఒక గడిలో ఉండాలి. పరిమితిని ఒక్కో ఫైలుకు కాకుండా ఆ మొత్తానికి వర్తింపజేయాలి. అది దాటిందా, తరువాతి ఫైలు సభకే వెళ్లాలి. ఇండెంట్ పెట్టినవాడే మంజూరు చేయకూడదని వేరే చెప్పాలా? పేర్లు మార్చి బిల్లులు పెట్టేవాళ్లుంటారు, నిజమే. కానీ ఇవాళ ఆ శ్రమ కూడా పడక్కర్లేదు వాళ్లు.

ఈ పట్టిక నమూనాను, అధికారం బదలాయించే తీర్మానానికే జత చేయాలి. దానికి తరువాత సర్క్యులర్ ఇస్తాం అంటే మాత్రం ఒప్పుకోవద్దు. అలాంటి సర్క్యులర్ల చిత్తుప్రతులు నా బీరువాలోనే మూడు మిగిలిపోయాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమస్తా, కొనుగోళ్ల సెక్షన్