ఈ నేలలో ఇక చుక్క ఇంకదు, మంత్రి గారూ

వర్షపు నీటి కాలువల పనులు చూసే మంత్రి గారికి,

నమస్కారం. చెన్నై వేళచ్చేరిలో లోతట్టున ఉన్న ఒక వీధి నుంచి రాస్తున్నాను. తమిళంలో అర్జీలు ఇచ్చాం, ఇంగ్లీషులో ఇచ్చాం. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదుకు మాత్రం, ఎవరూ వచ్చి చూడకుండానే, పని పూర్తయిందని మెసేజ్ వచ్చింది. ఇక నా భాషలో, నలుగురూ చూసేలా రాస్తున్నాను. చదివి మీకు వినిపించేవాళ్లు ఎవరో ఒకరు ఉండకపోరు.

మొదటి వాన వెలిసింది. రోడ్డు మీది నీళ్లు లాగేసి, మోటార్లు లారీ ఎక్కించుకుని వెళ్లిపోయారు. మరి నేల సంగతి ఎవరు చూశారండీ? మా ఇంటి వెనక బావిలో ఎండాకాలం అడుగు కనిపిస్తుంది. ఇప్పుడు వంగి చెంబు ముంచుకోవచ్చు. ఎండ కాస్తున్నా మెట్ల కింద గచ్చు పగుళ్లలోంచి ఊట వస్తూనే ఉంది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ తడే. సంపులోకి కూడా ఊట దిగి, నీళ్లు మురుగు వాసన కొడుతున్నాయి.

మళ్లీ అల్పపీడనం అంటున్నారు. అక్టోబరులో పది సెంటీమీటర్లు పడితే కొంత నేలలో ఇంకింది. ఇప్పుడు అందులో సగం పడినా చాలు, పడింది పడ్డట్టు ఇళ్లలోకే వస్తుంది. అయినా మీ అధికారులు రేపు ఎంత వాన పడుతుందనే చూస్తున్నారు తప్ప, ఇప్పటికే నేలలో ఎంత నీరుందో చూడటం లేదు.

2015 వరదల సంగతి మీకు చెప్పక్కర్లేదు. నవంబరు వానలకే చెరువులు, నేల నిండిపోయాయి. ఆ పైన డిసెంబరు 1 కుండపోత. తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు. చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారు నదిలోకి 29,000 క్యూసెక్కులు వదిలారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా వైపు వాన ఆగాక కూడా రోజుల తరబడి నీళ్లు కదల్లేదు. ఎలా కదులుతాయి? మా నీళ్లు పళ్లికరణై చిత్తడిలోకి పోవాలి, అక్కడి నుంచి ఒక్కియం మడువు అనే వాగు, బకింగ్‌హాం కాలువ దాటి కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. చిత్తడి నిండి, సముద్రం పోటు మీదుంటే ఆ నీళ్లు మా వీధిలోకే వెనక్కి తంతాయి.

ఇదంతా ప్రకృతి అనుకుందాం. పూడిక కూడా ప్రకృతేనా? వానలకు ముందు మా వీధి కాలువ మూతలు ఎత్తి పూడిక తీశారు. సంతోషించాం. నల్లటి బురద, కొబ్బరి చిప్పలు, పాల ప్యాకెట్లు, కట్టడాల దగ్గర పారబోసిన సిమెంటు ముద్దలు, అన్నీ కాలువ పక్కనే కుప్ప పోశారు. రెండు రోజుల్లో లారీ వస్తుందన్నారు. లారీ రాలేదు, వాన వచ్చింది. కుప్పలో సగం మళ్లీ కాలువలోకే జారింది. మిగతా సగం మా గుమ్మాల ముందు పరుచుకుంది. తీసిన పూడికకు బిల్లు అయ్యే ఉంటుంది. ఆ పూడిక ఇప్పుడు ఎక్కడుందో వచ్చి చూడండి.

కొత్త కాలువ వీధి చివర ఇనుప చువ్వలు బయటికి పెట్టుకుని ఆగిపోయింది, పెద్ద కాలువలో కలపలేదు. వాన పడుతుంటే అడిగితే వాన తగ్గాక చేస్తాం అంటారు. తగ్గాక అడిగితే ఇప్పుడు నీళ్లేం లేవు కదా అంటారు. మేము ఎప్పుడు అడగాలి?

మా కింది వాటాలో పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయన ఉన్నారు. పోయినసారి మోకాళ్ల లోతు నీళ్లలో ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురం పట్టుకుని మేడ మీదికి మోశాం. రెడ్ అలర్ట్ అనగానే వాళ్లావిడకు టెన్షన్, రాత్రంతా నిద్ర ఉండదు. ఫ్రిజ్ కింద పెట్టిన ఇటుకలు ఆ ఇంట్లో ఇంకా తీయనే లేదు.

దయచేసి ఆ పూడిక ఎత్తించండి. కాలువ కలిపించండి. కలిపే లోపు వాన వస్తే మోటార్లు ముందే తెచ్చి పెట్టండి, ఇళ్లు మునిగాక కాదు. ఒడ్డునున్న పూడిక మాత్రం ఈ వారమే ఎత్తించండి, దానికి టెండర్లు అక్కర్లేదు, ఒక లారీ చాలు. మీరే ఒకసారి రండి. బావి చూపిస్తాం, కాలువ చూపిస్తాం. వాన పడే రోజు వద్దు, ఎండ కాసే రోజే రండి.

ఇట్లు,
వేళచ్చేరి నివాసి