కిసాన్ సొమ్ము ఏ ఖాతాలో పడిందో చెప్పేదెవరు?

సంపాదకులకు,

పీఎం కిసాన్ కింద ఏటా 6,000 రూపాయలు, విడతకు 2,000 చొప్పున మూడుసార్లు రావాలి. రాకపోతే రైతు పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు పరుగెత్తుతాడు. చాలాసార్లు లోపం అక్కడ ఉండదు.

ముందు పోర్టల్‌లో స్థితి చూడాలి. ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాల అనుసంధానం), ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ), ఆధార్ బ్యాంక్ సీడింగ్ (బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం) అని మూడు అంశాలుంటాయి. మొదటిదానికి 'నో' అని ఉంటే వ్యవసాయ సిబ్బందిని కలవాలి. రెండోది ఓటీపీతోనో, మీసేవ వంటి కేంద్రంలో వేలిముద్రతోనో పూర్తవుతుంది.

అసలు చిక్కంతా మూడోదానితోనే. బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఇచ్చి కేవైసీ చేయించుకుంటే సరిపోదు. ఏ ఆధార్‌కు వచ్చే సొమ్ము ఏ బ్యాంకుకు వెళ్లాలో చూపే జాతీయ చెల్లింపుల సంస్థ (ఎన్‌పీసీఐ) జాబితా, అంటే మ్యాపర్‌లో ఆ ఖాతా ఉన్న బ్యాంకు నమోదు కావాలి. మ్యాపర్‌లో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది, చివరగా అనుసంధానించినదే చెల్లుతుంది. ఎక్కడో కొత్త ఖాతా తెరుస్తూ ఆధార్ అనుసంధాన సమ్మతి పత్రంపై సంతకం పెడితే సొమ్ము అటు మళ్లుతుంది. పాత పాస్‌బుక్‌లో ఎన్నిసార్లు ఎంట్రీ వేయించినా కనిపించదు. ఏ బ్యాంకు నమోదై ఉందో ఆధార్ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. మార్చుకోవాలంటే కావలసిన బ్యాంకులో డీబీటీ (నేరుగా ఖాతాలోకి నగదు బదిలీ) సీడింగ్ ఫారం ఇచ్చి, రసీదు తప్పకుండా తీసుకోవాలి.

ఓటీపీ వచ్చే ఫోను కూడా లేని వృద్ధ రైతులు ఇవన్నీ ఎలా చూసుకోగలరు? విడత విడుదలకు పది రోజుల ముందే, ఆగిపోయిన పేర్లను కారణంతో సహా సచివాలయాల్లో, పంచాయతీ కార్యాలయాల్లో అంటించాలని అధికారులను కోరుతున్నాం.

– కొందరు పాఠకులు, నంద్యాల జిల్లా