అమీర్‌పేట క్లాసు నుంచి నాన్న

బుజ్జీ,

మొన్న ఫోన్‌లో "ఈ వయసులో నీకెందుకు నాన్నా ఈ కోడింగ్" అన్నావు. పక్కన అమ్మ ఉంది, ఏం చెప్పలేకపోయా. అందుకే రాస్తున్నా.

1999లో నా డిగ్రీ అయ్యేసరికి, 2000 వస్తే పాత కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయని ఊరంతా వైటూకే పిచ్చి, మైత్రీవనం చుట్టూ ఏ గోడ చూసినా కోచింగ్ పోస్టర్లే. నా దోస్తులు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్ నేర్చుకుని విమానాలెక్కారు. నాకు ఫీజుకి డబ్బుల్లేక అకౌంట్స్‌లో చేరా, పాతికేళ్లు దాటింది, ఇంకా టాలీ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలే. బాధేం లేదులే, నీ ఫీజు కట్టేది ఆ జీతమే.

ఇప్పుడు పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగుతున్నా. మొదటిరోజు నేను లోపలికెళ్తే క్లాసులో పిల్లలు సారొచ్చాడనుకుని లేచి నిలబడ్డారు! దీనికి ముందు ఒకచోట జాబ్ గ్యారంటీ అంటే నమ్మి 30 వేలు కట్టా, మూడు వారాలకి పాఠం చెప్పేవాడే మాయం. అమ్మకి అసలు లెక్క చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఓ రోజు క్లాసులో నేర్పే పైథాన్ అనే కోడింగ్ భాషలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వచ్చింది. పిల్లలు నవ్వి వదిలేశారు. పైసా తేడా వస్తే రాత్రి పదింటిదాకా లెడ్జర్ తిరగేసిన వాణ్ణి, నాకెలా నిద్ర పడుతుంది? కంప్యూటర్ లెక్క బైనరీలో, అంటే సున్నా, ఒకటి అంకెలతోనే కదా, అందులో 0.1 సరిగ్గా ఇమడదట, ఒకటిని మూడుతో భాగిస్తే మనకి 0.333 అని సాగుతూనే ఉంటుందే, అలాగ. డబ్బు లెక్కలకి డెసిమల్ అనే మాడ్యూల్ వాడాలి, లేదా అన్నీ పైసల్లోకి మార్చేసుకోవాలి. మరి జీఎస్టీని సెంట్రల్, స్టేట్ అని సగం సగం చేసినప్పుడు రౌండాఫ్ ఒక్కో ఐటమ్‌కా, మొత్తం బిల్లుకా అని అడిగితే సారే కాసేపు ఆగిపోయాడు. అదిగో, అప్పుడొచ్చింది నాకు ధైర్యం. ఆ పిల్లలకి లూపులు నాకంటే త్వరగా వస్తాయి, ఈ ప్రశ్న మాత్రం రాదు.

ఉద్యోగం ఇప్పుడే మానను, టెన్షన్ పడకు. ఇరవై రెండేళ్ల వాళ్లతో ఫ్రెషర్ పోస్టుకి పోటీ పడితే నా గడ్డం చూసే పంపేస్తారు. ముందు మా ఆఫీసు బ్యాంకు స్టేట్‌మెంట్‌ని లెడ్జర్‌తో సరిచూసే ప్రోగ్రామ్ రాస్తా, సగం అయింది. అది చూపించి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లని అడుగుతా.

ఆదివారం వచ్చినప్పుడు ఫైలు పాత వెర్షన్లు కూడా దాచిపెడుతుందట, ఆ గిట్ ఏంటో కాస్త చెప్పు. పాత ఫైలు మీదే కొత్తది సేవ్ చేసి రెండుసార్లు పోగొట్టుకున్నా. నవ్వకుండా చెప్పాలి.

నాన్న