రేషన్ కార్డు తీసేసే ముందు మనిషి విచారించాలి

సంపాదకులకు,

కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో విడుదల చేసిన కృత్రిమ మేధ పాలన మార్గదర్శకాలలో ప్రజలకు ప్రాధాన్యం, న్యాయం, జవాబుదారీతనం వంటి ఏడు సూత్రాలున్నాయి. మంచిదే. అయితే అవి మార్గదర్శకాలే తప్ప చట్టం కావు. పాటించని శాఖను నిలదీసే హక్కును పౌరుడికి ఇవ్వవు.

అలాంటి హక్కు లేకపోతే ఏమవుతుందో తెలంగాణ చూసింది. ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ వాహనాలు, ఆస్తులు వంటి వేర్వేరు రికార్డులను పేరు, చిరునామాల పోలికతో ఒకే మనిషికి ముడిపెట్టి, రేషన్‌కు ఎవరు అనర్హులో చెప్పేది. మన పేర్ల సంగతి తెలిసినవారికి ఇందులోని ప్రమాదం వెంటనే తడుతుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు లక్ష్ములుంటారు. ఒక రికార్డులో ఇంటిపేరు ముందుంటే మరోదానిలో వెనక ఉంటుంది. శ్రీనివాస్ అన్న పేరును ఇంగ్లిషులో ఒక్కో ఆపరేటరు ఒక్కో తీరుగా కొడతారు. రిక్షా తొక్కి బతికిన మనిషిని కారు యజమానిగా లెక్కగట్టి ఆ కుటుంబానికి బియ్యం ఆపేసిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులపై క్షేత్రస్థాయి విచారణ జరపాలని చివరకు 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించినవాడిని. కార్డు తీసేయాలంటే ముందు నోటీసు ఇచ్చి, ఇంటికి వెళ్లి చూసి, ఇరుగుపొరుగును అడిగి నివేదిక రాయడమే సరైన పద్ధతి. అందులో జాప్యం, పైరవీలు లేవని నేను అనను. కానీ కాగితం మీద ఒక అధికారి సంతకం ఉంటుంది, ఆయన పైన అప్పీలుకు దారి ఉంటుంది.

అనర్హుడికి బియ్యం వెళ్లడం ఒక తప్పు, అర్హుడికి ఆగిపోవడం మరో తప్పు. పేర్లు ఎంత శాతం కలిస్తే ఒకే మనిషిగా భావించాలో నిర్ణయించేటప్పుడే, ఈ రెంటిలో ఏ తప్పును భరిస్తామన్నది కూడా తేలిపోతుంది. మానవ విలువలు వ్యవస్థలో చేరేదీ, జారిపోయేదీ అక్కడే. ఆహార భద్రత 2013 చట్టం ఇచ్చిన హక్కు కనుక, ఆ నిర్ణయం శాసనసభ ముందుకు రావాలి గానీ సాఫ్ట్‌వేర్ కంపెనీకి వదిలేయకూడదు.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో కంప్యూటర్ అంచనాలను కూడా నమ్మి వేల కుటుంబాలను అన్యాయంగా మోసగాళ్లుగా ముద్రవేసిన వ్యవహారంలో 2021లో మంత్రివర్గమే రాజీనామా చేసింది. ఇప్పుడు వస్తున్న కృత్రిమ మేధ ‘ఏజెంట్లు’, అంటే పనులను సొంతంగా చేసుకుపోయే ప్రోగ్రాములు, జాబితా ఇచ్చి ఆగవు. దరఖాస్తు చదివి, రికార్డులు వెతికి, ఉత్తర్వును తామే అమలు చేయగలవు. యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టం ప్రభుత్వ సాయానికి అర్హత తేల్చే వ్యవస్థలను అధిక ముప్పు జాబితాలో చేర్చి, మనిషి పర్యవేక్షణ తప్పనిసరి చేసింది. ఆ పర్యవేక్షణ రోజుకు వందల కేసులకు బటన్ నొక్కడంగా మారితే ఫలితం లేదు. యంత్రం మాటను కాదనే అధికారం, విచారణకు సమయం ఆ ఉద్యోగికి ఉండాలి.

రెండు తెలుగు రాష్ట్రాలూ దీనికి చట్టం చేయాలని కోరుతున్నాను. కారణాన్ని తెలుగులో రాసిన నోటీసు లేకుండా ఏ కార్డూ పింఛనూ రద్దు కాకూడదు. విచారణ ముగిసేవరకు సరుకులు ఆగకూడదు. యంత్రం ఇచ్చిన తొలగింపు జాబితాను, ప్రతి పేరు పక్కన కారణంతో సహా, అమలుకు ముందే గ్రామసభలో చదివి వినిపించాలి.

- విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు, కరీంనగర్