చీల్చడమా, అంటుకోవడమా? 'క్లీవ్' గొడవ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఎనిమిదో తరగతి ఇంగ్లీషు స్లిప్ టెస్టు మీద వారం రోజులుగా మీ గ్రూపుల్లో ఏం నడుస్తోందో నాకు తెలుసు. "ఒకడు చీల్చడం అని రాసినా మార్కే, ఇంకొకరు అంటిపెట్టుకోవడం అని రాసినా మార్కే, ఇదేం దిద్దడమండీ?" అని ఒకాయన నాకే ఫోన్ చేసి అడిగారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

'క్లీవ్' అనే క్రియకు అర్థం రాయమన్నది ప్రశ్న. టీచర్ అనుకున్న జవాబు 'చీల్చడం'. వెనక బెంచీ అమ్మాయి ఒకతె 'వదలకుండా అంటిపెట్టుకోవడం' అని రాసింది, సున్నా పడింది. ఆ పిల్ల ఏడవలేదు, ఇంటికెళ్లి చెప్పలేదు. మధ్యాహ్నం లైబ్రరీలోని పెద్ద డిక్షనరీని రెండు చేతులతో మోసుకొచ్చి స్టాఫ్‌రూం బల్ల మీద తెరిచింది. 'క్లీవ్' పక్కన చిన్నగా 1 అంకె, ఎదురుగా 'చీల్చు'. ఆమె వేలు అక్కడ ఆగకుండా కిందికి జరిగింది. మళ్లీ అదే మాట, పక్కన 2 అంకె, ఎదురుగా 'అంటిపెట్టుకొను'. టీచర్ అక్కడికక్కడే మార్కు వేశారు. వాక్యం ఇవ్వకుండా ఒట్టి మాట ఇవ్వడం మా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. ఆ అమ్మాయిని చూసి మాత్రం నేను రెండు రోజులుగా మురిసిపోతున్నాను, దాచుకోలేను.

అసలు ఇవి ఒకే మాటకి రెండు అర్థాలు కావు, రెండు వేరు వేరు క్రియలు. పాత ఇంగ్లీషులో వాటి రూపాలే వేరు, పోనుపోను పలుకుబడి కలిసిపోయి ఒకే స్పెల్లింగులో ఇరుక్కున్నాయి. మన దగ్గర లేదా ఏంటి, రేడియో పాడుతోంది అంటాం, రేడియో పాడైంది అంటాం, ఎవరికీ టెన్షన్ రాదు, ఎందుకంటే వాక్యమే చెప్పేస్తుంది! ఇక్కడా అంతే. కట్టెను నేరుగా 'క్లీవ్' చేస్తే చీల్చినట్టు, వెనకాల 'టు' వచ్చి దేనికో 'క్లీవ్' అయితే అంటుకున్నట్టు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో మగవాడు భార్యను అంటిపెట్టుకుని ఉండాలన్న చోట ఉన్నది ఈ రెండోదే, అక్కడ 'చీల్చు' అని చదివితే కాపురం ఏమైపోతుందో ఊహించుకోండి. చీల్చే క్రియకు భూతకాలంలో క్లోవ్, క్లెఫ్ట్, క్లీవ్డ్ అని మూడు రూపాలున్నాయి, రెండుగా చీలి ఉండే ఆవు గిట్టను 'క్లోవెన్' అనేదీ ఈ క్రియ నుంచే. నేను ఇదంతా చెప్తుంటే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, "సార్, అభ్రకం పొరలు పొరలుగా విడిపోవడాన్ని క్లీవేజ్ అంటారు, పిండకణం విభజన కూడా అదే కదా?" అన్నాడు. సైన్సు పీరియడ్‌లో విన్నది ఇంగ్లీషు పీరియడ్‌లో గుర్తొచ్చిందంటే, అంతకంటే మాకేం కావాలి?

ఇక మీ విషయం. పిల్లలు అర్థం అడిగితే ఫోన్ తీసి, పైన కనబడిన మొదటి ముక్క చెప్పేసి పంపేస్తున్నారు, మీకూ పనులుంటాయి, అర్థం చేసుకోగలను. కానీ హోంవర్క్ నోట్సుల్లో పిల్లల జవాబుల కింద పెద్దవాళ్ల చేతిరాత కనబడుతోంది, ఆ చేతిరాత చాలా బాగుంది కూడా, కాకపోతే మేం మార్కులు వేయాల్సింది వాళ్లకి కాదు. రాత్రి పదకొండుకి టీచర్లకి పేపరు ఫొటోలు పంపడం కూడా దయచేసి మానండి. ఇంట్లో డిక్షనరీ ఉంటే దాని మీద పూలకుండీ తీసి పక్కన పెట్టండి.

పరీక్షల టైంటేబుల్ డైరీలో అతికించాం, ఐడీ కార్డులు పోయినవాళ్లు ఆఫీసులో చెప్పండి, శనివారం ఒంటిపూట బడి.

'అంటిపెట్టుకోవడం' అని రాసి సున్నా తెచ్చుకున్నవాళ్లు ఇంకో నలుగురు ఉన్నారు. ఆ పేపర్లు సోమవారం లోపు తిరిగి పంపండి, మార్కు కలపాలి.

ఇట్లు,
మీ హెడ్మాస్టర్