మీ అబ్బూ బట్టల సంగతి

బిడ్డా,

నీ పెళ్లికి మీ అబ్బూకి, అంటే మీ నాన్నకి, ఏ బట్టలని నిన్న రాత్రి నువ్వు పంపిన ఫొటోలన్నీ చూసిన. ఫోన్లో ఎక్కువ మాట్లాడలేదు, ఎందుకంటే మీ అబ్బూ పక్కనే కూసోని వార్తలు చూస్తున్నరు, ఆయన బట్టల గురించి ఆయన ముందే మనిద్దరం వాదించుకుంటే మంచిగ ఉండదు. అందుకే ఇట్ల రాస్తున్న, తీరిగ్గ చదువు.

బరాత్ రోజు, అంటే అబ్బాయి వాళ్లు ఊరేగింపుగ వచ్చే పెళ్లి రోజు, మీ అబ్బూకి ఆ లేత గులాబీ రంగు టక్సీడో వద్దు. ఆ రెండోది, క్రీమ్ షేర్వానీ మీద జర్దోసీ (జరీ దారం ఎంబ్రాయిడరీ) పని, భుజం మీద షాలు, తలకి కుల్లా (పెళ్లికొడుకు తలపాగా), అదైతే అస్సలు వద్దు. నల్ల షేర్వానీ కావాలె, మీద ఏ పనీ లేకుండ, కింద తెల్ల షల్వార్. నువ్వు నీ డెకరేషన్ కలర్స్‌కి మ్యాచ్ చేద్దామని చూస్తున్నవు, పూలకీ టేబుల్ గుడ్డలకీ ఎంతైనా మ్యాచ్ చేసుకో, నీ ఫ్రెండ్స్‌కి కూడ చేసుకో, మీ అబ్బూని మాత్రం ఆ లెక్కలో కలపకు.

ఎందుకంటే ఆ రోజు ఆయన పని వేరే. వలీమా, అంటే పెళ్లి తర్వాత ఇచ్చే విందు, అబ్బాయి వాళ్లది, బరాత్ మనది, హాలు మనది, భోజనం మనది, వచ్చేటోళ్లందరూ మన ఇంటికి వచ్చినట్టే. డల్లాస్ నుంచి వాళ్లవాళ్లు దిగి డోలుతో తలుపు దాక వస్తే ముందు నిలబడి పూలదండ వేసి అబ్బాయి వాళ్ల నాన్నని కౌగిలించుకోవాల్సింది మీ అబ్బూ. మౌల్వీ సాబ్‌తో, సాక్షులతో నీ గదికి వచ్చి నీ ఒప్పుదల అడిగేది, నికానామాలో, అంటే పెళ్లి పత్రంలో, నీ తరఫున మాట్లాడే వకీల్‌గ సంతకం పెట్టేది ఆయనే. తర్వాత ప్రతి టేబుల్ దగ్గరికి పోయి తిన్నరా, ఇంకొంచెం వేయించుకోండి అని అడగాలె, ఆఖరికి రుఖ్సతీ అప్పుడు, నిన్ను సాగనంపేటప్పుడు, నీ పక్కన నడవాలె. మన దగ్గర అయితే ఆడపిల్ల తండ్రి పట్టుపంచె కట్టుకోని పీటల మీద కూసోని అల్లుడి కాళ్లు కడుగుతడు, ఇక్కడ ఆ పీట లేదు కని బాధ్యత అంతే ఉన్నది, సాయంత్రం మొత్తం నిలబడే చేయాలె. హాల్లోకి అడుగుపెట్టిన కొత్తవాళ్లెవరైనా ఎవరిని అడగకుండనే ఈయనే పెళ్లికూతురి తండ్రి అని గుర్తుపట్టాలె, దానికి జర్దోసీ అక్కర్లేదు. అబ్బాయి ఎట్లాగూ క్రీమ్ షేర్వానీయే వేసుకుంటున్నడని నువ్వే చెప్పినవ్, కుల్లా అతనిది, మెరుపు అతనిది, మామ కూడ అవే వేసుకోని పక్కన నిలబడితే చూసేటోళ్లకి బాగుండదు, అందరికంటే ముందు మీ అబ్బూకే ఇబ్బందిగ ఉంటది.

షేర్వానీ అంటే నీకు పెళ్లికొడుకుల బట్ట అనిపిస్తది, నువ్వు ఈ షికాగో పెళ్లిళ్లలో చూసినవన్నీ అవే కాబట్టి. మీ అబ్బూ వాళ్ల లాహోర్ ఇంట్లో అది మర్యాద బట్ట. జిన్నా ఎన్నో ఏండ్లు ఇంగ్లీషు సూట్లలోనే తిరిగిన మనిషి, 1937లో లక్నో ముస్లిం లీగ్ సభకి షేర్వానీ తొడుక్కోని కరాకుల్ (గొర్రెపిల్ల తోలు) టోపీ పెట్టుకోని వచ్చిండు, ఇప్పుడు పాకిస్తాన్ నోట్ల మీద ఉండే బొమ్మ కూడ ఆ వేషంలోనే. ప్రధానమంత్రులు ప్రమాణం చేసే రోజు నల్ల షేర్వానీయే వేసుకుంటరు, 2018లో ఇమ్రాన్ ఖాన్ చేసినప్పుడు చూడు, రోజూ షల్వార్ కమీజ్‌లో తిరిగే మనిషి ఆ రోజు మాత్రం నల్ల షేర్వానీ. మీ దాదా (అబ్బూ వాళ్ల నాన్న) మీ పెద్ద ఫుప్పో (మేనత్త) పెళ్లికి వేసుకున్నది కూడ అదే, ఫొటో మన మెట్ల దగ్గర గోడకే ఉన్నది కద, ఆ బటన్లు చూడు, ఎంత సాదాగ ఉన్నయో.

ఇంకోటి, అది నీకు అబ్బూ తరఫు నుంచి మాత్రమే వస్తున్న బట్ట అనుకోకు. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఆఫీసుకి పోయేటోళ్లు హిందువులైనా ముస్లింలైనా షేర్వానీయే వేసుకునేది, ఉస్మానియాలో చదివే పిల్లలు షేర్వానీలోనే క్లాసుకి పోయేటోళ్లు, బూర్గుల రామకృష్ణారావు గారి పాత ఫొటోలు చూస్తే నీకే అర్థమైతది. మా తాత వరంగల్ కచేరీలో పనిచేసినన్నాళ్లు షేర్వానీ, కుచ్చు ఉండే రూమీ టోపీ లేకుండ గడప దాటలేదంట, మా అమ్మ ఇప్పటికీ చెప్తది. కాబట్టి మీ అబ్బూ ఆ రోజు షేర్వానీలో నిలబడితే నాకు పరాయిగ ఏమనిపించదు, మా ఇంటి పెద్దమనిషి నిలబడ్డట్టే ఉంటది.

నలుపు గురించి అమ్మమ్మ అంటది, నాకు తెలుసు. హన్మకొండ నుంచి దిగంగనే శుభకార్యంలో నల్ల బట్టేంది, అందులో పిల్ల తండ్రికి, అంటది. మనవాళ్లకి అది పట్టింపే, ఆ మాట తీసిపారేసేది కాదు. నేవీ బ్లూ అయితే ఇద్దరికీ సరిపోతది కదా అని నువ్వు అనొచ్చు, నేనూ ఆలోచించిన, కని మీ అబ్బూ మనసులో ఉన్నది నలుపే, వాళ్లలో అది పెద్దరికం రంగు, ఆయన నాన్న వేసుకున్న రంగు. అమ్మమ్మకి నేను చెప్పుకుంట, నువ్వు మధ్యలో రాకు. ఆమె తృప్తి కోసం లోపలి లైనింగ్ మెరూన్ వేయిద్దాం, ఆమె చేతులతోనే ముందు పసుపు బొట్టు పెట్టించి మడత విప్పుదాం.

గుడ్డ దగ్గర కొంచెం జాగ్రత్త. మీ అత్త ఫోన్ చేసి రా సిల్క్ తీసుకోండి, కంచి పట్టు తీసుకోండి అంటది, ప్రేమతోనే అంటది, కని మీ అబ్బూ అసలు పట్టు వేసుకోరు, బంగారం ఉంగరం పెట్టుకోరు, మగవాళ్లకి వాళ్ల మతంలో అవి వద్దని ఉన్నది, మా పెండ్లప్పుడు కూడ వెండి ఉంగరమే. అందుకని షేర్వానీకి మంచి ఊలు కలిసిన సూటింగ్ గుడ్డ తీసుకుందాం, నలగదు, బరువు సరిగ్గ పడతది, ఇక్కడి చలికి కూడ సరిపోతది. జామావార్ చాలా అందంగ ఉంటది, నిండుగ అల్లికలు, అది అబ్బాయిల వయసుకి బాగుంటది, మీ తమ్ముడికి తీసుకో.

నాకు మాత్రం ఒక కోరిక ఉన్నది. మెహందీ రోజు షల్వార్ కమీజ్ మీద వేసుకునే వెయిస్ట్‌కోట్ హిమ్రూ గుడ్డతో కుట్టించాలె. హిమ్రూ ఔరంగాబాద్‌లో నేస్తరు, 1956 దాక అది కూడ మన హైదరాబాద్ రాష్ట్రమే, నవాబులు షేర్వానీలకి వాడిన గుడ్డ, నూలూ పట్టూ కలిపి నేస్తరు కాబట్టి నూలు ఎక్కువున్నది తీసుకుంటే ఆయనకి అభ్యంతరం లేదంట, అడిగిన. మీ మామయ్యకి చెప్పి పెట్టిన, చిన్న పువ్వుల డిజైన్, సీసా పచ్చ రంగు. నా పుట్టింటి నుంచి ఆయన ఒంటి మీద ఆ ఒక్కటి ఉంటే చాలు నాకు.

ఆ రోజు కమీజ్ తెల్ల లఠ్ఠాది (నూలు గుడ్డ), గంజి పెట్టి గట్టిగ ఇస్త్రీ చేసి. ఫుప్పో బోస్కీ అంటున్నది, వాళ్ల పంజాబ్ పెద్దమనుషులకి బోస్కీ అంటే ప్రాణం, కని అసలు బోస్కీ పట్టే కద, అందుకే వద్దన్నరు. మాయూన్ రోజు, అంటే పెళ్లికి ముందు నలుగు పెట్టే రోజు, ఏదన్న పాతది వేయండి, ఉబ్టన్ నలుగు పూసుకోని పిల్లలు ఆయన్ని వదలరు, ఆ పసుపు మరక పోదు. వలీమాకి ఆయన అతిథి, ఉన్న బూడిద రంగు సూట్ చాలు, ప్యాంటు నడుం ఒకటి వదులు చేయించాలె.

ఇప్పుడు కుట్టు సంగతి, ఇదే అసలు పని. లాహోర్‌లో ఫుప్పో వాళ్ల టైలర్ దగ్గర కుట్టిద్దాం, ఆయన దాదా బట్టలు కూడ కుట్టినాయన. కని డిసెంబర్, జనవరి అక్కడ పెండ్లిళ్ల సీజన్, రంజాన్ వస్తే ఈద్ బట్టల మీద పడతరు, అప్పుడు ఇస్తే ఎవరూ పట్టించుకోరు, ముందే ఇవ్వాలె. కొలతలు కాగితం మీద రాసి పంపితే సరిపోదు, సరిగ్గ పట్టిన ఆయన పాత ప్రిన్స్ కోటు (మెడ దాక బటన్లుండే కోటు) ఒకటి పంపుదాం, దాన్ని చూసి కుట్టమందాం. షేర్వానీ కమీజ్ మీద నుంచి వేసుకునేది కాబట్టి ఛాతీ, పొట్ట కొలతలు కమీజ్ తొడుక్కున్నాకనే తీయాలె. పొడుగు మోకాలు కొంచెం దాటాలె, అంతకంటే కిందికి పోతే పొట్టిగ కనిపిస్తరు. పక్క చీలికలు సరిపోను ఉండాలె, నికా అప్పుడు కింద కూసోవాల్సి వస్తే ముందు బటన్లు గుంజుకోవద్దు. మెడ పట్టీలో రెండు వేళ్లు పట్టాలె, హుక్కు గట్టిగ ఉంటే భోజనాల టైముకి ఆయన విప్పేసుకుంటరు, ఆ షేర్వానీ మొత్తం అందం మెడ దగ్గరే ఉన్నది. అతుకుల లోపల గుడ్డ ఎక్కువ వదలమని చెప్పు, షుగర్ మందులు మార్చినంక ఆయన బరువు ఒకసారి తగ్గుతది ఒకసారి పెరుగుతది. లోపల రెండు జేబులు, ఒకదాంట్లో కళ్లజోడు, మంచి పెన్ను, రెండోదాంట్లో మాత్రలు, అల్లుడికి ఇచ్చే సలామీ (కానుక డబ్బు) కవరు. బయటి జేబులో ఏం పెట్టినా ఉబ్బి కనిపిస్తది.

అంతకుముందు ఒకసారి ఆయన్ని డెవాన్ ఎవెన్యూకి, షికాగోలో మనవాళ్ల దుకాణాలుండే రోడ్డుకి, తీసుకపో. ఆ రోడ్డుకి ఒక ముక్క గాంధీ మార్గ్, ఇంకో ముక్క మొహమ్మద్ అలీ జిన్నా వే అని పేర్లు పెట్టిన్రు కద, మీ చిన్నప్పుడు ఆదివారం సరుకులకి పోయినప్పుడు ఆ బోర్డులు చూపించి మీ అబ్బూ నన్ను చూసి నవ్వేటోళ్లు. అక్కడ రెడీమేడ్ షేర్వానీలు రెండు మూడు వేసి చూస్తే భుజం ఎక్కడ పడాలె, పొడుగు ఎంత కావాలె అన్నది ఆయనకే తెలుస్తది, ఆ కొలత టైలర్‌కి చెప్పొచ్చు.

చెప్పులు. నువ్వు ముల్తానీ ఖుస్సా (తోలు జోళ్లు) ఫొటో పంపినవు, బొమ్మలో బాగానే ఉన్నది, కని పాత పద్ధతి ఖుస్సాకి కుడి ఎడమ తేడా ఉండదు, పాదానికి అలవాటయ్యేదాక మడమ కోస్తది, షుగర్ ఉన్న కాళ్లకి పుండు పడితే తొందరగ మానదు. బరాత్‌కి ఆయనకి అలవాటైన మెత్తటి నల్ల తోలు బూట్లే, కొత్త పాలిష్‌తో. మెహందీకి పెషావరీ చప్పల్, అది గట్టిగ పట్టుకుంటది, నడవడానికి హాయి. నవంబర్‌లో మంచు పడ్డా, రోడ్డు మీద ఉప్పు చల్లినా తోలు పాడైతది, బూట్లు సంచిలో పెట్టుకోని హాలు లోపలికి పోయినంక మార్చుకోమను.

ఇవన్నీ నేను రాసిన కని బిడ్డా, ఆర్డర్ పెట్టకముందు నువ్వే ఆయనకి ఫోన్ చేసి అడుగు. ఇన్ని నెలల నుంచి ఈ ఇంట్లో నీ లెహంగా, దుపట్టా అంచు, నా చీర, మీ తమ్ముడి కోటు, ఇవే మాటలు. ఆయన్ని నువ్వేం వేసుకుంటవు అని ఎవరూ కూసోబెట్టి అడగలేదు. మీరెట్లంటే అట్ల అంటరు, అది ఆయన అలవాటు, ఆ మాట దగ్గర ఆగకు. ఇంకోసారి అడుగు, దాదా ఫొటోలో ఉన్న షేర్వానీ ఎవరు కుట్టిన్రు అబ్బూ అని అడుగు, తర్వాత ఆయనే చెప్తరు. నలుపు వద్దని ఆయనే అంటే నేను రాసిందంతా పక్కన పెట్టు.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఆయనకి ఖాళీ. సోమవారం ఫుప్పోకి ఫోన్ చేస్త, పాత ప్రిన్స్ కోటు లాహోర్ పోయేటోళ్లు ఎవరన్న ఉంటే వాళ్లతో పంపుదాం, నీ ఫ్రెండ్ వాళ్ల అమ్మ వచ్చే నెల పోతున్నదన్నవు కద, ఆమె సూట్‌కేసులో చోటు ఉంటదేమో కనుక్కో.

మీ అమ్మ