స్కానింగ్ పరిశోధనల సంగతి వరంగల్ రోగులకు చెప్పేదెవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. స్కానింగులతో ముడిపడిన వైద్య పరిశోధనలు, అంటే క్లినికల్ ట్రయల్స్, ఎక్కడ జరుగుతున్నాయో, వాటిలో ఎట్లా చేరాలో మన వైపు రోగులకు చెప్పే దిక్కు లేదు. ఆ సంగతి మా ఇంటి మీదికి వచ్చాకే నాకు తెలిసింది.

పోయిన ఎండాకాలం పరకాల దగ్గరుండే మా తమ్ముడికి ఊపిరితిత్తిలో గడ్డ ఉందని తేలింది. ఇక్కడే ఒక ప్రైవేటు సెంటర్లో సీటీ తీయించాం. తర్వాత బయాప్సీ, దాని రిపోర్టు కోసం ఎదురుచూపులు, ఆ డాక్టరు ఈ డాక్టరు అంటూ తిరగడం. అంతలోనే ఐదు వారాలు గడిచాయి. చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరు, "ఈ రకం జబ్బుకు ఒక స్టడీ నడుస్తోంది, అడిగి చూడండి" అన్నారు. ఆయన ఆ మాట అనకపోతే అలాంటిది ఒకటుందని మాకు తెలిసేదే కాదు.

కాజీపేటలో పొద్దున బండెక్కి వెళ్లాం. స్టడీ చూసే అమ్మాయి పాత సీటీ సీడీ అడిగింది. మా దగ్గర ఫిల్ములే ఉన్నాయి. పాలిథిన్ కవర్లోంచి తీసి ఇస్తే ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూసి, మెల్లగా దించి, "ఫిల్ము మీద కొలవలేం మేడమ్. పైగా స్టడీలో చేర్చుకోవాలంటే సీటీ 28 రోజుల లోపుది ఉండాలి" అంది. సెంటరుకు ఫోన్ చేశాం. "పాతవి ఉంచం, డిలీట్ అయిపోయినయ్" అన్నారు. మళ్లీ సీటీ తీయాలంటే రంగు సూది వేయాలి, దానికి కిడ్నీలు బాగుండాలి. కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో ఆ స్టడీ పెట్టుకున్న హద్దు దాటింది. మొదటి సీటీ నాటికి అది మామూలుగానే ఉంది. అంతే, చేరడం కుదరలేదు.

ఆ స్టడీ వాళ్ల మీద నాకు కోపం లేదు. కిడ్నీలు దెబ్బతినకుండా పెట్టుకున్న హద్దు అది. చేరి ఉంటే నయమయ్యేదనీ నేను అనను. మొదటి నాలుగు వారాల్లో ఈ మాట ఎవరైనా చెప్పి, ఆ సీడీ మా చేతిలో ఉండి ఉంటే కనీసం అడిగే అవకాశమన్నా ఉండేది. నా బాధంతా అదే. తమ్ముడికి ఇప్పుడు మామూలు వైద్యమే నడుస్తోంది, మనిషి పర్వాలేదు.

ఫిల్ము ఎందుకు పనికిరాదో నాకు తర్వాత అర్థమైంది. ఇలాంటి పరిశోధనల్లో మందు పనిచేస్తోందా లేదా అన్నది స్కానింగు మీద మిల్లీమీటర్లలో కొలిచి తేలుస్తారు. ముందే ఎంచుకున్న గడ్డల కొలతలన్నీ కూడతారు. ఆ మొత్తం కనీసం 30 శాతం తగ్గితే మందుకు లొంగినట్టు లెక్క. అన్నింటికన్నా తక్కువ ఉన్నప్పటి కొలత మీద 20 శాతం, అదీ 5 మిల్లీమీటర్లకు తగ్గకుండా పెరిగితే జబ్బు ముదిరినట్టు లెక్క. పదేసి మిల్లీమీటర్ల గడ్డల దగ్గర ఇంత సన్నటి తేడా పట్టాలంటే కంప్యూటర్లో అసలు బొమ్మలు ఉండాలి. మనం వాటిని సెంటర్లోనే వదిలేసి, నల్లటి ఫిల్ములు బీరువాలో దాచుకుంటున్నాం.

ఇది ఒక రకం. స్కానింగునే పరీక్షించే పరిశోధనలు ఇంకో రకం. అమెరికాలో 2002 నుంచి 2004 దాకా 53,454 మందిని, బాగా పొగతాగే అలవాటున్న వాళ్లను, చేర్చుకుని ఒక పెద్ద ట్రయల్ చేశారు. సగం మందికి మూడేళ్లపాటు ఏటా తక్కువ రేడియేషన్ పడే సీటీ, అంటే తక్కువ డోసు సీటీ, మిగతా సగానికి ఛాతీ ఎక్స్‌రే. 2011లో ఫలితం వచ్చింది. సీటీ తీసిన వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. అదే ట్రయల్‌లో సీటీలో ఏదో అనుమానంగా ఉందని తేలిన ప్రతి 100 ఫలితాల్లో 96 క్యాన్సర్ కానివే. ఇక టీబీ మచ్చలున్న మన ఊపిరితిత్తుల్లో అలాంటి అనుమానాలు ఇంకెన్ని వస్తాయో ఆలోచించండి. అక్కడి లెక్క ఇక్కడికి అచ్చంగా అతకదు. మన మనుషులు చేరితేనే మన లెక్క తేలుతుంది. 2019-21లో దేశవ్యాప్తంగా జరిగిన టీబీ సర్వే కూడా అదే చూపింది. ఛాతీ ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి వదిలేస్తే 42.6 శాతం కేసులు దొరికేవే కావని తేల్చింది. సర్వేలో చేరి ఎక్స్‌రే ముందు నిలబడిన మామూలు జనం వల్లే ఆ సంగతి బయటపడింది.

మా చుట్టాల్లో సగం మంది, "మన మీద ప్రయోగం చేస్తరట, వద్దు" అన్నారు. వాళ్ల భయం ఉత్తది కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం వైపు ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి అధ్యయనం చేశారు. హాస్టల్ పిల్లల అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావొచ్చు, అది వేరే మాట. కన్నవాళ్లను అడగకపోవడం మాత్రం తప్పే. 2017లో జమ్మికుంట వైపు యువకులు డబ్బుల కోసం మందుల పరీక్షలకు బెంగళూరు వెళ్లొచ్చిన కథలు కూడా పేపర్లలో చదివాం. ఇవన్నీ జనం మనసులో ఉన్నాయి. మంచి పరిశోధన ఏదో, ఏజెంటు మాట ఏదో విడదీసి చెప్పే మనిషి లేకపోవడంతో అన్నీ ఒకటే అయిపోయాయి.

నిజానికి చూసుకునే చోటు ఒకటుంది. దేశంలో వైద్య పరిశోధన చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2007లో మొదలుపెట్టిన ట్రయల్స్ పట్టిక, అంటే రిజిస్ట్రీ. దాన్ని సీటీఆర్‌ఐ అంటారు. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో మందుల ట్రయల్స్ అందులో నమోదు కావాల్సిందే, అదీ మొదటి మనిషిని చేర్చుకోకముందే. ఇంటర్నెట్‌లో ఎవరైనా పైసా కట్టకుండా చూడొచ్చు. జబ్బు పేరు, స్కానింగు పేరు కొడితే పట్టీ వస్తుంది. ఒక్కోదాన్లో ఏ ఆసుపత్రుల్లో జరుగుతోంది, ఎవరిని చేర్చుకుంటారు, ఎవరిని చేర్చుకోరు, పరిశోధన న్యాయంగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా, ఇంకా చేర్చుకుంటున్నారా అన్నీ ఉంటాయి. జనం అడగడానికి ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు కూడా ఇస్తారు. నేను మూడింటికి చేశాను. రెండు చోట్ల చేర్చుకోవడం అయిపోయింది. మూడోచోట ఫోన్ ఎత్తిన డాక్టరు పది నిమిషాలు ఓపిగ్గా మాట్లాడి, అది మా తమ్ముడికి వచ్చిన రకానికి కాదని చెప్పారు. కాదని చెప్పినా మనసుకు నెమ్మదిగా అనిపించింది. కానీ అదంతా ఇంగ్లిషు. నేను టీచర్ని కాబట్టి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో వచ్చిన రైతు ఏం చేయాలి?

తెలుగులో ఇచ్చే అనుమతి పత్రాల తీరు ఇంకా దారుణం. మా తమ్ముడికి ఇచ్చినదాన్లో మొదటి పేజీలోనే "యాదృచ్ఛికీకరణ" అని ఉంది. వాడు వేలు పెట్టి చూపించి, "ఇదేం భాష అక్కా, మనదేనా?" అన్నాడు. ఆ స్టడీ చూసే అమ్మాయే నవ్వి, "ఏ మందు ఎవరికన్నది చీటీలు తీసినట్టు కంప్యూటర్ తీస్తుందన్నా, డాక్టర్ చేతిలో కూడా ఉండదు" అంది. వాడికి ఒక్క ముక్కలో అర్థమైంది. ఆ ముక్కే కాగితం మీద ఎందుకు రాయరు?

చేరే ముందు ఏం అడగాలో కూడా ఎవరూ చెప్పరు. ఏ స్కాన్ వైద్యం కోసం, ఏది పరిశోధన కోసం అదనంగా తీస్తారు, దాని ఖర్చు ఎవరిది అని అడగాలి. రేడియేషన్‌ను మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. ఛాతీ ఎక్స్‌రేతో పడేది సుమారు 0.1 మిల్లీసీవర్ట్, తక్కువ డోసు సీటీతో 1.5, మామూలు ఛాతీ సీటీతో 6, 7 దాకా ఉంటుంది. ప్రకృతిలోంచి మన మీద ఏడాదికి సగటున పడేదే 2.4. కాబట్టి అదనంగా ఎన్ని సీటీలు అన్నది కచ్చితంగా అడగాల్సిన మాట. ఎమ్మారైకి రేడియేషన్ లేదు, కానీ పేస్‌మేకర్ సంగతి, ఒంట్లో ఇనుప ముక్కల సంగతి ముందే చెప్పాలి. స్కాన్‌లో ఇంకేదైనా జబ్బు బయటపడితే మాకు చెప్తారా, బొమ్మలు బయటికి పంపేటప్పుడు పేరు తీసేస్తారా అనీ అడగాలి. 2019లో వచ్చిన "కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు" ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, పరిహారం కూడా ఇవ్వాలి. ఎప్పుడంటే అప్పుడు మానుకోవచ్చు, మానుకున్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు. చదువు రానివాళ్లకు అనుమతి పత్రం చదివి వినిపించేటప్పుడు ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. ఈ మాటలు వరంగల్ ప్రభుత్వాసుపత్రి ఎంజీఎం గోడ మీద పెద్దక్షరాలతో ఒక్కచోటైనా రాసి పెడితే ఎంత బాగుండు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. కాకతీయ మెడికల్ కాలేజీలో అంతమంది పీజీ విద్యార్థులున్నారు. ఎంజీఎం ఓపీ దగ్గర ఒక బల్ల, ఒక కంప్యూటర్ వేసి, వారానికి రెండు రోజులు ఒకరిని కూర్చోబెడితే చాలు. రోగి రిపోర్టు చూసి, రిజిస్ట్రీలో వెతికి, ఏ ఊళ్లో ఏం జరుగుతోందో తెలుగులో ఒక చీటీ రాసిస్తే ఎంతో మేలు. చేరమని బలవంతం చేయొద్దు, చేరొద్దని భయపెట్టొద్దు. రిజిస్ట్రీ వాళ్లు కనీసం ప్రతి ట్రయల్ పేరు, అది ఎవరి కోసమన్న రెండు ముక్కలు తెలుగులో పెట్టాలి. వరంగల్‌లో ఉన్న ప్రతి స్కానింగ్ సెంటరూ సీటీ, ఎమ్మారై తీసిన ప్రతిసారీ అడక్కుండానే సీడీ ఇచ్చేలా జిల్లా వైద్యాధికారులు ఒక ఆర్డరు వేయాలి. ఈ మూడో పనికి రేపటి దాకా కూడా ఆగక్కర్లేదు.

వచ్చే నెల మా తమ్ముడికి మళ్లీ సీటీ ఉంది. సీడీ కావాలని సెంటర్లో ఇప్పుడే చెప్పి, రాయించుకుని వచ్చాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
హనుమకొండ